మామ చెప్పిన జపాన్ యుద్ధం

తొమ్మిదో తరగతిల ఒక పిల్ల లేచి అడిగిన ప్రశ్నతోని ఇదంతా మొదలైంది.

నేను తంగళ్ళపల్లి దిక్కు ఒక సర్కారు బడిల సోషల్ టీచర్ను. ఆ రోజు పాఠం అయిపోయినంక ఇంకా పది నిమిషాల టైముంటే పుస్తకంల లేని ముచ్చట ఒకటి ఎత్తుకున్న. ఏడు వందల యాభై ఏండ్ల కింద, సగం ప్రపంచాన్ని గెలిచిన మంగోలు చక్రవర్తి సమురాయిలనే యోధులున్న జపాన్ మీదికి ఓడలల్ల సైన్యాన్ని తోలిండని, ఒక్కసారి కాదు రెండుసార్లు తోలిండని, రెండుసార్లూ గాలి లేచి ఓడలు మునిగినయని, జపానోళ్ళు దాన్ని దేవుడు పంపిన గాలి అనుకున్నరని చెప్పిన. నాకు తెలిసింది గంతే. అది సుత ఎప్పుడో బీఈడీ చదివేటప్పుడు విన్నది.

ఆ పిల్ల తల్లిదండ్రులు ఇద్దరూ సాంచెల కార్ఖానాల పనిచేస్తరు. మా దిక్కు కరెంటు మగ్గాలను సాంచెలే అంటరు. క్లాసుల ఎక్కువ మాట్లాడని పిల్ల ఆ రోజు లేచి నిలబడి, "అంతా గాలే చేస్తే మరి సమురాయిలు ఏం చేసిండ్రు మేడం? ఊకె చూసుకుంట నిలబడ్డరా?" అన్నది.

పిల్లలంత నవ్విండ్రు. నేనూ నవ్విన. "రేపు చెప్త" అన్న. అంతల బెల్లు కొట్టిండ్రు, నా ఇజ్జత్ దక్కింది.

ఆ సాయంత్రం సిరిసిల్లల మా ఇంటి అరుగు మీద చాయ్ తాగుకుంట ఫోన్ల వెతుకుతున్న. పక్కన మా మామ కూసున్నడు. మామంటే మా ఆయన నాయిన. ముప్పై ఐదేండ్లు సాంచెలు నడిపిండు. ఆ చప్పుడుకు చెవులు పోయినయి. నేను కోడలిగ అచ్చేనాటికే ఆయనకు ఏమీ వినబడకపోయేది. సాంచెల కాడ ఎంత మొత్తుకున్నా ఒకరి మాట ఒకరికి చేరది కాబట్టి, ఆడ పనిచేసేటోళ్ళు పెదవులతోని, చేతులతోని మాట్లాడుకుంటరు. మామకు గా అలవాటే అక్కెరకొచ్చింది. ఎదురుంగ నిలబడి నిమ్మళంగ మాట్లాడితే సగం ముచ్చట పెదవుల మీద చదువుతడు. మిగిలిన సగం ఊహించుకుంటడు. ఊహ తప్పితే అందరికంటె ముందు ఆయనే నవ్వుతడు.

ఫోన్ల ఒక బొమ్మ తెరుచుకున్నది. పొడుగు కాయితం మీద రంగుల బొమ్మలు, ఒకదాని పక్కన ఒకటి. మామ మెడ సాపి చూసి, "గదేంది బిడ్డా? పటమా?" అన్నడు.

పటం అనంగనే నాకు నవ్వొచ్చింది, తర్వాత ఆశ్చర్యమైంది. ఆయన అన్నది నిజమే. మా పద్మశాలోళ్ళ ఇండ్లకు కూనపులోళ్ళు అచ్చి కథ చెప్తరు. బారెడు బారెడు బొమ్మలున్న గుడ్డను, దాన్నే పటం అంటరు, మెల్లగ విప్పుకుంట, కట్టెతోని ఒక్కొక్క బొమ్మను చూపించుకుంట, మా కులం పుట్టుక కథ చెప్తరు. చిన్నప్పుడు మామ అందరికంటె ముందల కూసునేటోడంట. ఫోన్ల నాకు దొరికింది సుత అట్లాంటిదే. ఆ మంగోలు యుద్ధంల కొట్లాడిన ఒక చిన్న సమురాయి తన యుద్ధాన్ని తనే బొమ్మలు గీయించుకున్నడు. ఆ పటం ఇన్ని వందల ఏండ్లు బతికి ఇగో నా చేతుల ఫోన్లకు వచ్చింది.

మామ ఫోను గుంజుకున్నడు. వేలుతోని బొమ్మను పెద్దగ చేసుకుంట, చిన్నగ చేసుకుంట శానసేపు చూసిండు. నేను ఒక్క ముక్క చెప్పకముందే ఆయన మొదలువెట్టిండు.

"గీనె కథల పెద్దమనిషి. చూడు, గీడ గుర్రం మీదున్నడు. మల్ల గీడ గాయినే. గీడ ఓడ మీద సుత గాయినే."

"ఎట్ల తెలిసింది మామా?"

"పటంల గంతే బిడ్డా. ఒక్కడే మనిషి మల్ల మల్ల అస్తడు. గుడ్డలు చూసి గుర్తువట్టాలె." వేలు ఇంకో దిక్కు జరిపిండు. "గుర్రానికి బాణం తాకింది. నెత్తురు కారుతుంది. గుర్రం ఎగురుతుంది. గని గాయిన మొఖం పగోళ్ళ దిక్కే ఉన్నది, ఎనకకు మళ్ళలే. గీ నడుమల నల్లగ పలిగింది ఏంది?"

అప్పుడు చదివి చెప్పిన. అది మందుగుండు. మంగోలోళ్ళు తెచ్చింది. జపానోళ్ళు అంతకుముందు అట్లాంటిది చూడలే. గుర్రాలు బెదిరినయి. సమురాయిలకేమో ఒక్కొక్కడు ముందుకొచ్చి తన పేరు, వంశం చెప్పుకొని కొట్లాడుడు మర్యాద అని అంటరు. అవతలోళ్ళు డప్పులు కొట్టుకుంట గుంపులు గుంపులుగ మీదికొచ్చిండ్రు. మొదటిసారి జపానోళ్ళు వెనకకు తగ్గాల్సొచ్చింది. అయినా ఆ పటంల మనిషి మాత్రం తనెంబడి ఉన్న అయిదారుగురితోని ముందుకే ఉరికిండు. గుర్రం కూలింది, తనకు దెబ్బలు తాకినయి, వెనకనుంచి వేరేటోళ్ళు అచ్చి కాపాడితే బతికిండు.

మామ తల ఊపుకుంట విన్నడు. వినుడంటే నా పెదవులు చూసుడు. "తర్వాత?"

తర్వాతి ముచ్చటకు మామ పడి పడి నవ్విండు. తను అందరికంటె ముందు యుద్ధంలకు దుంకిన సంగతి పైకి పోయిన రిపోర్టుల రాలేదని ఆ సమురాయికి తెలిసింది. ఊకోలే. దినాల తరబడి నడిచి రాజ్యం నడిపేటోళ్ళ ఊరికి పోయిండు. ఎవలూ పట్టించుకోకున్నా ఆడనే తిరుగుకుంట, చివరికి ఒక పెద్ద ఆఫీసరు ముందల నిలబడి, అబద్ధమైతే నా తల తీయున్రి అన్నడంట. ఆఫీసరు విని, ఒక గుర్రం, కొంత భూమి ఇప్పించి తోలిండు.

"గీడు మనోడే బిడ్డా!" అని మామ తొడ మీద కొట్టుకున్నడు. "చేసింది చెప్పుకోకుంటె ఎవలు చెప్తరు?"

అట్ల వారం రోజులు గడిచినయి. రోజూ బడి నుంచి అచ్చి నేను ఇంత చదువుడు, అరుగు మీద మామకు చెప్పుడు. పిల్లకు మాత్రం "రేపు, రేపు" అని దాటేస్తున్న. ఒకనాడు గోడ సంగతి దగ్గరికొచ్చినం.

మొదటిసారి వచ్చిపోయినోళ్ళు మల్లొస్తరని జపానోళ్ళకు తెలుసు. అందుకే పగోళ్ళు దిగిన ఆ సముద్రపు ఒడ్డు పొడుగూతా రాళ్ళతోని గోడ కట్టిండ్రు. మనిషికంటె ఎత్తు, ఇరవై కిలోమీటర్ల దాకా పొడుగు. ఒక్కో సీమోళ్ళకు ఒక్కో ముక్క పంచిండ్రు. ఎవల ముక్క వాళ్ళు కట్టాలె, ఎవల ముక్కకు వాళ్ళే కావలి ఉండాలె. తర్వాత అయిదేండ్ల దాకా ఎవలూ రాలే. అయినా కావలి వదలలే.

"ఇరవై కిలోమీటర్లా?" మామ లెక్కేసిండు. "మనం ఈడికెళ్ళి వేములవాడకు పోయి, సగం తొవ్వ మల్ల వాపసు అచ్చినంత. అంతా రాళ్ళే!"

రెండోసారి మంగోలోళ్ళు, ఓడిన దేశాలోళ్ళను సుత బలవంతంగ తోలుకొని, మస్తు పెద్ద సైన్యంతోని వచ్చిండ్రు. గోడ కాడికొచ్చి దిగలేకపోయిండ్రు. ఓడలల్లనే ఆగిండ్రు. జపానోళ్ళు చిన్న చిన్న పడవలల్ల పోయి ఓడలెక్కి కొట్లాడి వాపసు అచ్చేది. మన పటం మనిషికి సుత పడవ దొరకక, ఏదో అబద్ధం చెప్పి ఇంకొకళ్ళ పడవెక్కిండు. తలకు టోపీ లేకుంటే కాళ్ళకు కట్టుకునే కవచం తలకు చుట్టుకున్నడు. ఎండకాలంల ఓడలల్ల రోగాలు వచ్చినయి. రెండు నెలలు కావొచ్చినంక తుఫాను లేచింది. ఓడలు ఒకదానికొకటి గుద్దుకొని పలిగినయి.

మామ చాయ్ గ్లాసు కింద పెట్టిండు. తర్వాత అన్నడు: "గాలి వచ్చేనాటికి వాళ్ళు ఇంకా ఓడలల్లనే ఎందుకున్నరు బిడ్డా?"

నేను ఫోన్ల బొమ్మను మల్ల ఓడల కాడికి జరిపిన.

"ఒడ్డుకు దిగి ఊళ్ళు పట్టుకుంటె గాలి వాళ్ళనేం చేస్తుండె? ఇండ్లల్ల కూసొని కిటికీల నుంచి చూస్తుండిరి. రెండు నెలలు వాళ్ళను నీళ్ళ మీదనే నిలవెట్టింది ఎవలు?"

ఇరవై ఏండ్ల నుంచి చరిత్ర చెప్తున్న నేను. ఆ ప్రశ్న నాకు రాలే. ఏడో తరగతితోని బడి ఆపేసిన మనిషికి వచ్చింది.

తెల్లారి క్లాసుల ఆ పిల్లకు ఇదే చెప్పిన. ఇది నేను కనుక్కున్నది కాదు, మా మామ చెప్పిండని సుత చెప్పిన. పిల్ల తృప్తిగ కూసున్నది, మల్ల లేచింది. "అయితే ఆయన్నే తోలుకరాన్రి మేడం, మాకు కథ చెప్తడు."

ఇంట్ల చెప్తే మామ చేతులు అడ్డంగ ఊపిండు. "చెవిటోణ్ని, పిల్లల ముందలనా? వాళ్ళు ఒకటడిగితె నేనొకటి చెప్త, నవ్వుతరు." ఎంత బతిమాలినా ఒప్పుకోలే.

అప్పుడే దసరా సెలవులు వచ్చినయి. ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నం, మామను జగిత్యాలల ఒక చెవుల డాక్టరుకు చూపియ్యాలని. నేనూ మామా పొద్దున బస్సెక్కి పోయినం. డాక్టరమ్మ ఓపికగల మనిషి. పరీక్షలు చేసి, పోయింది తిరిగి రాదని, మిషన్ పెట్టుకుంటే కొంత వినబడొచ్చని చెప్పింది. మామ చెవుల మిషన్ పెట్టి, నన్ను ఏదన్న మాట్లాడమన్నది.

"మామా, వినబడుతుందా?" అన్న.

మామ ఉలికిపడ్డడు. నా పెదవుల దిక్కు చూస్తలేడు, నా మొఖం దిక్కు చూస్తున్నడు. "మల్ల మాట్లాడు" అన్నడు.

"నేనే మామా, నీ కోడల్ని."

"నీ గొంతు గిట్లుంటదా బిడ్డా?" అన్నడు. "పదమూడేండ్ల నుంచి నేను వేరే గొంతు అనుకుంటున్న."

డాక్టరమ్మ కాయితాలల్ల ఏదో రాసుకుంట తల దించుకున్నది. నేను బయటికొచ్చి నీళ్ళు తాగి, మిషన్ కు పైసలు కట్టిన.

జగిత్యాల దాకా వచ్చి కోరుట్లకు పోకుంటే మా అమ్మ ఊకుంటదా? మా అమ్మగారిల్లు అక్కడనే. మా అమ్మ బీడీలు చేస్తది. మేం పోయేసరికి వాకిట్ల అయిదారుగురు ఆడోళ్ళు ఒళ్ళె చాటలు పెట్టుకొని బీడీలు చుట్టుకుంట కూసున్నరు. అన్నాలు తిన్నంక మామ గూడా ఆడనే మంచం మీద కూసున్నడు. కొత్త మిషన్ తోని ఆకు కత్తిరించే చప్పుడు సుత వినబడుతుందని మురుసుకుంట చెప్పిండు.

మా అమ్మ అడిగింది: "అన్నా, మీరేదో జపాన్ కథ చెప్తున్నరంట గదా. మా బిడ్డ ఫోన్ల ఒకటే చెప్పుడు."

"ఏం కథ చెల్లే, ముసలోని ముచ్చట" అన్నడు మామ. కని మొదలువెట్టిండు.

నేను గోడకు ఒరిగి విన్న. నేను చెప్పిన ముచ్చటే అది. కని నా నోట్ల అది పాఠం, ఆయన నోట్ల కథ అయింది. గుర్రం కూలిన కాడ గొంతు తగ్గించిండు. మందుగుండు పలిగిన కాడ రెండు అరచేతులు కొట్టిండు, ఒకామె ఒళ్ళె చాట జారింది. రిపోర్టుల తన సంగతి రాలేదని ఆఫీసుల చుట్టూ తిరిగిన కాడ, "మనం తిరుగుతలేమా!" అని ఆడోళ్ళంత ఒక్కసారి నవ్విండ్రు. చేతులు మాత్రం ఎవలవీ ఆగలే, బీడీలు చుట్టుకుంటనే విన్నరు.

గోడ కాడికి వచ్చినంక మా అమ్మ చేతుల పని ఆపింది. "అన్నా, మొగోళ్ళంత గోడకూ కావలికీ పోతె, అన్నేండ్లు వాళ్ళ పొలాలు ఎవలు చేసిండ్రు?"

మామ నా దిక్కు చూసిండు. నేను తల అడ్డంగ ఊపిన. "తెల్వదు చెల్లే" అన్నడు మామ. "పటంల గది గీయలే."

"గీయరు" అన్నది మా అమ్మ, మల్ల ఆకు అందుకున్నది.

తిరిగొచ్చేటప్పుడు బస్సుల మామ కిటికీ పక్కన కూసున్నడు. వేములవాడ దాటినంక నా దిక్కు మళ్ళి, "బడికి ఎప్పుడు రమ్మంటవు?" అన్నడు.

సెలవులు అయిపోయినంక మామ పాత కార్ఖానా కాడికి పోయి, తనతోని పనిచేసినోళ్ళను అడిగి పది మీటర్ల తెల్లగుడ్డ తెచ్చిండు. మా తొమ్మిదో తరగతి పిల్లలు రెండు వారాలు, మధ్యాహ్నం అన్నం తిన్నంక కూసొని దాంట్ల ఏడు మీటర్ల మీద బొమ్మలు గీసిండ్రు. ఫోన్ల బొమ్మ చూసి కొన్ని, సొంతంగ కొన్ని. సమురాయి మీసాలు మా పీఈటీ సారు మీసాల లెక్క వచ్చినయి. గుర్రాలు కొన్ని కుక్కల లెక్కున్నయి. ఓడలు మాత్రం మస్తు కుదిరినయి, మిడ్ మానేరు డ్యాముల పడవలు చూసిన పిల్లలు కదా.

కథ చెప్పే రోజు మామ తెల్ల ధోతి కట్టుకొని, భుజం మీద తువ్వాల వేసుకొని వచ్చిండు. వరండాల పిల్లలు, టీచర్లు, వంట చేసే అక్కలు సుత కూసున్నరు. మామ రెండు మాటలు మాట్లాడి, చెవుల మిషన్ తీసి నా చేతుల పెట్టిండు. "నా గొంతే నాకు ఉరిమినట్టు వినబడుతుంది. ఇది ఉంటే చెప్పలేను" అన్నడు.

తర్వాత గంటసేపు చెప్పిండు. ఇద్దరు పిల్లలు గుడ్డను ఆ దిక్కు చుట్టుకుంట ఈ దిక్కు విప్పుకుంట ఉంటే, మామ కట్టెతోని చూపించుకుంట, నడుమల నడుమల రాగం తీసుకుంట చెప్పిండు. ఆ రాగం కూనపులోళ్ళది. యాభై ఏండ్ల కింద విన్నది. చెవులు పోయినా లోపల అట్లనే ఉన్నది. శ్రుతి తప్పుతుందో లేదో ఆయనకు తెల్వది. తప్పలే. తుఫాను కాడ ఆయన గొంతు పెద్దగ చేయలే, ఇంకా మెల్లగ చేసిండు. "గాలి వచ్చింది. మంచిదే. గని గాలి వచ్చేదాంక ఆపినోళ్ళను యాది పెట్టుకోన్రి" అన్నడు.

చివరికి ప్రశ్నలు అడిగిండ్రు. వెనక వరుసల ఒక పిల్లగాడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని అడిగిండు. మామకు తెల్వలే. ఎవలన్న నవ్వుతరేమో అని నేను లేవబోయిన. మామే నవ్వి, "చెయ్యి తీసి అడుగు కొడుకా, నేను మూతి చూసి వింట" అన్నడు. ఆ తర్వాత అడిగిన ప్రతి ఒక్కరు లేచి ముందలికొచ్చి, ఆయన ఎదురుంగ నిలబడి, నిమ్మళంగ అడిగిండ్రు. నేనెవలకూ చెప్పలే అట్ల చేయమని. తెలిసినకాడికి చెప్పిండు, తెల్వనికాడ "తెల్వది" అన్నడు. టీచర్లం మేం అంత తేలికగ అనలేని మాట అది.

ఈ సంగతి ఒక బడి నుంచి ఇంకో బడికి పోయింది. పోయిన నెల వీర్నపల్లి నుంచి ఒక టీచరు ఫోన్ చేసి మామను పంపుమన్నది. నాకు సెలవు దొరకలే. "నేను పోత" అని మామ పటం చుట్ట చంకల పెట్టుకొని, మిషన్ చెవుల పెట్టుకొని ఒక్కడే బస్సెక్కిండు. ఆ సాయంత్రం ఆ టీచరు నాకు ఫోన్ల కొన్ని ఫోటోలు పంపింది. పటం చివర మా పిల్లలు గీయని బొమ్మలు కొన్ని కొత్తగ ఉన్నయి. ఓడల అడుగున తెడ్లు వేసేటోళ్ళు. రాళ్ళు మోసే, నాట్లేసే ఆడోళ్ళు. నీళ్ళల్ల మునుగుకుంట చేతులెత్తినోళ్ళు.

మామ ఇంటికి రాంగనే అడిగిన, "ఇవన్ని ఎవలు గీసిండ్రు మామా?"

"అక్కడి పిల్లలు. ఇంకా మూడు మీటర్ల గుడ్డ మిగిలుండె గదా, ఊకె ఎందుకు పోవాలె అని చెప్పి నేనే గీయమన్న." చెప్పులు విడిచి అరుగు మీద కూసున్నడు. "ఆ ఓడలల్ల అచ్చినోళ్ళు అందరూ ఇష్టపడి అచ్చినోళ్ళా? సగం మందిని బలవంతంగ తోలిండ్రని నువ్వే చదివితివి. తెడ్లేసేటోనికి ఏం పగ ఉంటది? గా సమురాయి తన పటంల తనను గీయించుకున్నడు, మంచిగ చేసిండు. మనది మన పటం గదా."

నేను లోపలికి పోయి ఆయనకు నీళ్ళు తెచ్చిన. మామ తాగి, గ్లాసు పక్కన పెట్టి, పటం చివరను ఒడిల విప్పుకొని, రంగు ఇంకా ఆరని కాడ మెల్లగ నోటితోని ఊదుకుంట కూసున్నడు.